ఏడాది పొడుగునా ఆర్‌వీలోనే ఉంటూ ఉద్యోగం: ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఎలా అమర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. డాలస్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఫిఫ్త్ వీల్‌లోకి (పికప్ ట్రక్కుకు తగిలించి లాగే ఇల్లులాంటి ఆర్‌వీ) మారుతున్నారు. ఇద్దరివీ రిమోట్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. వేసవిలో మీ అత్తమామలు వచ్చి కొన్ని నెలలు ఉంటారు, వాళ్లకు తెలుగు సీరియళ్లు కావాలి. ఉపగ్రహ ఇంటర్నెట్ స్టార్‌లింక్ ఒక్కటి పెట్టుకుంటే చాలా, సెల్ సిగ్నల్ పెంచే బూస్టర్ కూడా కొనాలా, టీవీకి శాటిలైట్ డిష్ అవసరమా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. స్టార్‌లింక్ ఒక్కటే చాలదు. బూస్టర్ ఇప్పుడే కొనకండి. డిష్ అక్కర్లేదు. జీతం ఇంటర్నెట్ మీద ఆధారపడినప్పుడు రెండు వేర్వేరు దారులు ఉండాలి: ఒకటి ఆకాశం నుంచి, ఒకటి సెల్ టవర్ నుంచి. అంటే తిరిగేవాళ్లకిచ్చే స్టార్‌లింక్ ప్లాన్ రోమ్ అన్‌లిమిటెడ్, దానికి తోడు హాట్‌స్పాట్ డేటా గట్టిగా ఉన్న ఒక సెల్ ప్లాన్, రెండింటినీ కలిపి నడిపే రూటర్ ఒకటి. మీ ఇద్దరి ఫోన్లు రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల మీద ఉండాలి. టీవీకి బండి మీద ఉన్న యాంటెన్నా, దాంతోపాటు స్ట్రీమింగ్. ఇక కారణాలు, జాగ్రత్తలు.

స్టార్‌లింక్ ఎక్కడ దెబ్బ తింటుంది

చెట్ల దగ్గర. యాంటెన్నాకు సుమారు 110 డిగ్రీల మేర ఆకాశం అడ్డు లేకుండా కనపడాలి. అంటే నేల నుంచి 35 డిగ్రీల ఎత్తుకు పైనున్నదంతా ఖాళీగా ఉండాలి. లెక్క వేస్తే, యాంటెన్నా నేల మీద పెట్టినప్పుడు 60 అడుగుల చెట్టు దాదాపు 85 అడుగుల దూరంలో ఉండాలి. యాంటెన్నా ఉత్తరానికి వాలి ఉంటుంది కాబట్టి ఆ వైపు ఇంకా ఎక్కువ ఖాళీ కావాలి. స్టేట్ పార్కుల్లో మంచి నీడ ఉన్న సైట్లలో ఇది కుదరదు. ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్ల మధ్య అయితే ఆశ వదిలేసుకోవాలి.

చెట్టు కొమ్మ అడ్డొచ్చినప్పుడు కనెక్షన్ పూర్తిగా పోదు. ఉపగ్రహం ఆ కొమ్మ వెనక్కి వెళ్లిన కాసేపు, ఒకటి రెండు సెకన్లు, తెగి మళ్లీ వస్తుంది. సినిమా చూస్తుంటే తెలియదు, ముందే కొంత బఫర్ అయి ఉంటుంది కనుక. జూమ్‌లో మాత్రం మీ మాట మధ్యలో తెగుతుంది, కొన్ని ఆఫీసు వీపీఎన్‌లు (కంపెనీ నెట్‌వర్క్‌కు భద్రమైన కనెక్షన్లు) డిస్కనెక్ట్ అవుతాయి. "స్పీడ్ టెస్టులో 150 వస్తోంది, మీటింగ్ మాత్రం తెగుతోంది" అని అడిగేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. స్పీడ్ టెస్ట్ నమ్మకండి, స్టార్‌లింక్ యాప్‌లో అడ్డంకుల మ్యాప్ చూడండి. సైట్‌లో దిగగానే బండి లెవెల్ చేయకముందే ఫోన్ కెమెరాతో ఆకాశం స్కాన్ చేస్తే, ఏ మూల పెడితే మేలో తెలిసిపోతుంది.

కప్పు మీద శాశ్వతంగా బిగించాలా, కింద స్టాండ్ మీద పెట్టాలా? మీలాగా ఒక్కో చోట రెండు మూడు వారాలు ఉండేవాళ్లకు కింద పెట్టేదే మంచిది. బండి నీడలో, యాంటెన్నా ఎండలో ఉండొచ్చు. కేబుల్ 15 మీటర్లు ఉంటుంది, చెట్లు తప్పించడానికి సాధారణంగా చాలుతుంది. కేబుల్‌ను స్లైడ్ (బయటికి జరిగే గది భాగం) సీల్ కిందుగా లోపలికి తేవద్దు, రెండు మూడు సార్లు స్లైడ్ తెరిచి మూసేసరికి నలిగిపోతుంది. నీళ్ల పైపు కోసం యుటిలిటీ బే (నీళ్ల, కరెంటు కనెక్షన్లుండే అర) అడుగున ఉన్న రంధ్రంలోంచి తీసుకురండి. కప్పు మీదే కావాలనుకుంటే ఏసీ పెట్టె అడ్డం రాకుండా చూసుకోవాలి. అది యాంటెన్నా కంటే అడుగు ఎత్తు ఉంటే కనీసం అడుగున్నర దూరం జరపాలి.

స్టాండర్డ్ కిట్ 75 నుంచి 100 వాట్లు లాగుతుంది, చిన్న కిట్ మినీ 25 నుంచి 40. కరెంటు హుకప్ (కనెక్షన్) ఉన్న పార్కుల్లోనే ఉంటామంటే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. హుకప్ లేని చోట్ల ఉండాలంటే ఇదే ముఖ్యం. 100 ఆంప్-అవర్ లిథియం బ్యాటరీ ఒకటి 1.28 కిలోవాట్-అవర్లు ఇస్తుంది. స్టాండర్డ్‌ను రోజంతా నడిపితే 1.8 నుంచి 2.4 అవుతుంది, అంటే ఒక్క ఇంటర్నెట్‌కే దాదాపు రెండు బ్యాటరీలు. మినీ అయితే ఒక బ్యాటరీలోపే.

మినీని ఇన్వర్టర్ లేకుండా నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి కలుపుదామనుకునేవాళ్లు ఒక చోట తప్పకుండా ఇబ్బంది పడతారు. దానికి 12 నుంచి 48 వోల్టులు చాలని కంపెనీ వివరాల్లో ఉంటుంది. కానీ మొదలయ్యేటప్పుడు 60 వాట్ల దాకా లాగుతుంది, 12 వోల్టుల దగ్గర అది 5 ఆంపులు. 18 గేజ్ తీగ 15 మీటర్లు వాడితే, పోనూ రానూ 30 మీటర్లు, దారిలోనే 3 వోల్టులు పోతాయి. అటు చివర చేరేది 9 వోల్టులే. అందుకే ఆన్ అవుతుంది, రీబూట్ అవుతుంది, మళ్లీ ఆన్ అవుతుంది. పరికరం పాడైందని వెనక్కి పంపేస్తారు. బ్యాటరీ పక్కనే 12 నుంచి 24 వోల్టులకు పెంచే కన్వర్టర్ పెట్టి అక్కడి నుంచి కేబుల్ లాగండి, లేదా 100 వాట్ల యూఎస్‌బీ-సీ పీడీ ఛార్జర్ వాడండి. ఫ్యూజ్ మర్చిపోవద్దు.

ప్లాన్ విషయంలో ఒక్క మాట. రెసిడెన్షియల్ ప్లాన్ ఒక అడ్రసుకు కట్టుబడి ఉంటుంది, తిరిగేవాళ్లకు రోమ్. రద్దీ ఉన్న చోట రోమ్ వాళ్లకు రెసిడెన్షియల్ వాళ్ల తర్వాతే వంతు, అందుకే సాయంత్రం పూట నెమ్మదిస్తుంది. వాడని నెలల్లో తక్కువ రుసుముతో స్టాండ్‌బైలో పెట్టుకోవచ్చు.

సెల్ ప్లాన్: "అన్‌లిమిటెడ్" అన్న మాట చూసి సంతోషపడకండి

ఫోన్ ప్లాన్ చదివేటప్పుడు మూడు అంకెలు విడివిడిగా వెతకండి: ఫోన్‌లోనే వాడే డేటా ఎంత, హాట్‌స్పాట్ డేటా ఎంత, ఎంత వాడాక ప్రాధాన్యం తగ్గిస్తారు. లాప్‌టాప్‌కు వెళ్లేది రెండోది. అది అయిపోతే చాలా ప్లాన్లలో 600 కేబీపీఎస్‌కు పడిపోతుంది, దాంతో వీడియో కాల్ నడవదు. మూడోది కూడా తక్కువ కాదు: పార్కు పూర్తిగా నిండిన శనివారం సాయంత్రం ప్రాధాన్యం లేని ప్లాన్‌కు సిగ్నల్ నిండుగా ఉన్నా డేటా కదలదు.

ఇంటికిచ్చే 5జీ గేట్‌వేలు చవగ్గా కనిపిస్తాయి, కానీ అవి నమోదైన అడ్రసులో వాడటానికి ఇచ్చేవి. మూడు రాష్ట్రాలు తిరిగాక ఒక రోజు ఆగిపోతే ఫిర్యాదు చేయడానికి ఉండదు. టీ-మొబైల్‌లో ప్రయాణాల కోసమే "అవే" అనే ప్లాన్ వేరే ఉంది, తీసుకుంటే అలాంటిదే తీసుకోండి.

ఏ నెట్‌వర్క్ మేలు? మీరు తిరిగే దారిని బట్టి. ఊళ్లకు, హైవేలకు దగ్గరగా టీ-మొబైల్ 5జీ వేగం బాగుంటుంది. మారుమూలల్లో వెరిజాన్ లేదా ఏటీ అండ్ టీ. అందుకే ఇద్దరూ ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో ఉండొద్దంటున్నాను. నెలకు కొన్ని డాలర్లు ఎక్కువైనా ఒకరిది వెరిజాన్ మీద, ఇంకొకరిది టీ-మొబైల్ మీద పెట్టండి. విజిబుల్ వెరిజాన్ టవర్ల మీద, మింట్ టీ-మొబైల్ మీద, క్రికెట్ ఏటీ అండ్ టీ మీద నడుస్తాయి. పేర్లు మూడున్నా టవర్లు ఎవరివో చూసి ఎంచుకోండి. టెక్సస్‌లో బిగ్ బెండ్, కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ లాంటి చోట్ల చాలా భాగం ఏ నెట్‌వర్కూ ఉండదు, అక్కడ ఆకాశమే దిక్కు.

బూస్టర్ ఎందుకు వద్దన్నాను

బూస్టర్ బార్లు పెంచుతుంది, వేగం పెంచాలని లేదు. ఇప్పటి ఫోన్లు, మోడెములు రెండు లేదా నాలుగు యాంటెన్నాలతో ఒకేసారి డేటా తెచ్చుకుంటాయి. మామూలు బూస్టర్ దాన్నంతా ఒక్క దారిలోకి కుదించేస్తుంది. పైగా చాలా బూస్టర్లు పాత బ్యాండ్లనే పెంచుతాయి. టీ-మొబైల్ 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 71, 2.5 గిగాహెర్ట్జ్ ఎన్41, వెరిజాన్ సీ-బ్యాండ్ ఎన్77 వాటిలో ఉండవు. వేగం ఉన్నది అక్కడే. ఇంకొకటి, బయటి యాంటెన్నాకూ లోపలి యాంటెన్నాకూ మధ్య దూరం చాలకపోతే బూస్టర్ తన సిగ్నల్‌నే తను విని, తనంతట తనే బలం తగ్గించుకుంటుంది. ఆర్‌వీ కప్పు పల్చన, ఆ దూరం దొరకడం కష్టం. కాల్ కూడా కలవని చోట ఒక కాల్ మాట్లాడుకోవడానికి, మెసేజ్ పంపడానికి బూస్టర్ నిజంగానే పనికొస్తుంది. దాని ఉపయోగం అంతవరకే. కొన్నా క్యారియర్ దగ్గర నమోదు చేయాలని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన ఉంది.

ఆ డబ్బుతో సెల్ మోడెం ఉన్న రూటర్, కప్పు మీద నాలుగు సెల్ యాంటెన్నాలు ఒకే డోములో ఉండే మైమో యాంటెన్నా తీసుకోండి. కేబుళ్లు వీలైనంత పొట్టిగా ఉండాలి. పొడుగు పెరిగేకొద్దీ యాంటెన్నా తెచ్చిన లాభాన్ని కేబులే తినేస్తుంది. కాబట్టి రూటర్‌ను యాంటెన్నా కిందున్న అల్మరాలో పెట్టండి, టీవీ దగ్గర కాదు. కప్పుకు రంధ్రం చేశాక కింద బ్యూటైల్ టేపు, పైన ఆ కప్పు మెటీరియల్‌కు పనికొచ్చే సెల్ఫ్-లెవెలింగ్ సీలెంట్ వాడండి. మామూలు సిలికాన్ రబ్బరు కప్పును పట్టుకోదు. తొందరపడి అది పూసినచోటే తర్వాత నీళ్లు కారతాయి.

ఇవి కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెరుచుకుంటుంది. అందులో ఆర్‌ఎస్‌ఆర్‌పీ సిగ్నల్ బలం, ఎస్‌ఐఎన్‌ఆర్ దాని శుభ్రత. బలం మైనస్ 80 దగ్గరుంటే బాగుంది, మైనస్ 100 ఫర్వాలేదు, మైనస్ 115 అయితే అంచుల్లో ఉన్నట్టు. బలం బాగుండి ఎస్‌ఐఎన్‌ఆర్ సున్నా చుట్టూ ఉంటే గోల ఎక్కువ, అక్కడ బూస్టర్ ఆ గోలను కూడా పెంచుతుంది. ఫోన్ లోపల ఒకసారి, బయట నిచ్చెనెక్కి కప్పు మీద ఒకసారి పెట్టి చూడండి. 10 డీబీకి మించి తేడా ఉంటే కప్పు యాంటెన్నాకు డబ్బు పెట్టొచ్చు. అల్యూమినియం గోడల బండ్లలో ఈ తేడా సాధారణంగా పెద్దగానే ఉంటుంది.

రెండు దారులు కలపడం

రూటర్‌లో రెండు పద్ధతులుంటాయి. ఫెయిలోవర్ అంటే ఒకటి పోతే రెండోదానికి మారడం. మారినప్పుడు ఐపీ అడ్రసు మారుతుంది, ఆఫీసు వీపీఎన్ తెగి మళ్లీ లాగిన్ అడుగుతుంది. బాండింగ్ అంటే రెండూ ఒకేసారి కలిసి నడవడం, ఒకటి తెగినా కాల్ ఆగదు. పెప్‌లింక్ రూటర్లలో స్పీడ్‌ఫ్యూజన్, లాప్‌టాప్‌లో అయితే స్పీడిఫై ఆ పని చేస్తాయి. ప్రొడక్షన్ కాల్స్ (నడుస్తున్న సిస్టమ్‌లో సమస్య వస్తే వచ్చే అత్యవసర కాల్స్) తీసుకునేవాళ్లకు బాండింగ్ పెట్టించుకోమంటాను, మిగతావాళ్లకు ఫెయిలోవర్ చాలు. ఒక జాగ్రత్త: కొన్ని కంపెనీలు వీపీఎన్ లోపల ఇంకో వీపీఎన్‌ను ఒప్పుకోవు, ఐటీ వాళ్లను ముందే అడగండి.

మీ ఉద్యోగాలకు డేటా ఎంత కావాలో లెక్కేద్దాం. వీడియో మీటింగ్ గంటకు సుమారు 1 జీబీ. ఇద్దరూ రోజుకు నాలుగేసి గంటలు, నెలకు 22 రోజులైతే 176 జీబీ. అత్తమామలు రోజుకు ఐదు గంటలు టీవీ చూస్తే, గంటకు 2 జీబీ చొప్పున 300. ఫోన్ల, లాప్‌టాప్‌ల అప్‌డేట్లు కలిస్తే 500 దాటుతుంది. అందుకే రోమ్‌లో పరిమిత ప్లాన్ వద్దు, అన్‌లిమిటెడ్ అన్నాను. సెల్ కనెక్షన్ మీదికి మారినప్పుడు టీవీకి డేటా ఆగిపోయేలా రూటర్‌లో నియమం పెట్టండి. లేకపోతే స్టార్‌లింక్ తెగిన ఒక్క మధ్యాహ్నంలో సీరియళ్లే మీ హాట్‌స్పాట్ కోటాను గట్టిగా తగ్గించేస్తాయి.

పార్కు వైఫైని ఉద్యోగానికి లెక్కలోకి తీసుకోవద్దు. ఉదయం బాగుండి సాయంత్రం ఆరింటికి నిలిచిపోతుంది. అప్‌డేట్లు రాత్రిపూట దాని మీద దింపుకోండి. దాని లాగిన్ పేజీ ఫైర్ స్టిక్‌లో తెరవడం తలనొప్పి. రూటర్‌ను పార్కు వైఫైకి కలిపి, ఫోన్‌తో ఒక్కసారి లాగిన్ అయితే రూటర్ వెనకున్నవన్నీ నడుస్తాయి.

టీవీ

కప్పు మీద టీవీ యాంటెన్నా ఎలాగూ ఉంటుంది. దాంతో వార్తలు, తుపాను హెచ్చరికలు, ఫుట్‌బాల్ ఉచితం. చానెళ్లు రావట్లేదని వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఒక చిన్న బటన్ దగ్గర తేలిపోతాయి. టీవీ వెనకో, అల్మరాలోనో గోడ ప్లేటు మీద కోయాక్స్ పక్కన చిన్న బటన్, ఒక చిన్న లైటు ఉంటాయి. అది యాంటెన్నా యాంప్లిఫయర్‌కు 12 వోల్టులు పంపే స్విచ్. యాంటెన్నా చూడాలంటే లైటు వెలగాలి, పార్కు కేబుల్ చూడాలంటే ఆరిపోవాలి. తిరగేసి ఉంటే ఒక్క చానెలూ రాదు. తర్వాత టీవీ మెనూలో "ఎయిర్" లేదా "కేబుల్" సరిగ్గా ఎంచుకుని కొత్త ఊరికి వెళ్లిన ప్రతిసారీ మళ్లీ స్కాన్ చేయాలి. పైకి లేపే రెక్కల యాంటెన్నా అయితే బయల్దేరేముందు దించారో లేదో చూసే పని ఒకరికి అప్పగించండి. ట్రక్కు తాళం చెవికి ఒక ట్యాగ్ కట్టడం చాలామంది అలవాటు.

తెలుగుకు డిష్ కంటే యాప్‌లే తేలిక. యప్‌టీవీ, స్లింగ్ తెలుగు ప్యాక్ లైవ్ చానెళ్లకు, ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ సినిమాలకు, సీరియళ్లకు, క్రికెట్‌కు విల్లో. అత్తమామల టీవీ యాప్‌లో క్వాలిటీ 720పీ దగ్గర కట్టేయండి. ఆర్‌వీలో టీవీ చిన్నది, దూరమూ తక్కువ, తేడా తెలియదు, డేటా మాత్రం బాగా మిగులుతుంది. అమెరికన్ లైవ్ టీవీ కావాలంటే యూట్యూబ్ టీవీ తిరిగేవాళ్లకు కొంత అనుకూలం, అయినా మూడు నెలలకోసారైనా హోమ్ ఏరియాలో చూడాలని నియమం ఉంది. హులు లైవ్ ఒక ఇంటి నెట్‌వర్క్‌కు ముడిపడి ఉంటుంది, మీకు వద్దు. స్టార్‌లింక్ మీద ఉన్నప్పుడు యాప్‌లు మిమ్మల్ని పక్క రాష్ట్రంలో ఉన్నట్టు చూపించడం మామూలే.

డిష్ ఎవరికి మేలంటే, డేటా ఖర్చు లేకుండా రోజంతా టీవీ నడవాలనుకునేవాళ్లకు. దానికీ ఆకాశంలో దక్షిణం వైపు ఖాళీ కావాలి. స్టార్‌లింక్‌కు ఉత్తరం, డిష్‌కు దక్షిణం, చెట్లున్న సైట్‌లో రెండూ దొరకవు.

ఫోన్, ఓటీపీలు

ఇద్దరి ఫోన్లలో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. టవర్ లేకపోయినా స్టార్‌లింక్ మీద మీ మామూలు నంబరుతో కాల్స్, మెసేజ్‌లు వస్తాయి. కానీ వైఫై కాలింగ్‌లో 911కు ఫోన్ చేస్తే అవతలివాళ్లకు మీరు సెట్టింగ్స్‌లో రాసిన అడ్రసు చేరొచ్చు. అది ఇంకా డాలస్ అపార్ట్‌మెంటే అయితే అంబులెన్స్ అక్కడికి వెళ్తుంది. పెద్దవాళ్లు బండిలో ఉన్నప్పుడు దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ప్రతి పార్కుకూ చేరగానే అడ్రసు మార్చండి, సైట్ నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఐఫోన్ 14 నుంచి ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపొచ్చు, ఎలా పంపాలో అత్తమామలకు డెమో మోడ్‌లో చూపించండి.

అత్తమామలు హైదరాబాద్ నుంచి తెచ్చే ఫోన్లు ఇక్కడ పనిచేస్తాయా అన్నది ముందే చూసుకోవాలి. 2022లో ఇక్కడ 3జీ మూసేశారు, కాల్స్ అన్నీ వోల్టీ (4జీ మీద నడిచే కాల్స్) మీదే. ఏటీ అండ్ టీ తన ఆమోదించిన జాబితాలో లేని ఫోన్లను ఒప్పుకోదు. టీ-మొబైల్ మీద నడిచే ప్రీపెయిడ్ తీసుకుంటే చిక్కులు తక్కువ.

ఇండియా బ్యాంకు ఓటీపీల నంబరు సంగతి. ఇండియా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు వాడకపోతే నంబరు తీసేసుకోవచ్చు, రీచార్జ్ ఆపకండి. ఇంటర్నేషనల్ రోమింగ్ ఇండియాలో ఉండగానే ఆన్ చేయించుకుంటే మేలు. అమెరికాలో కొన్న ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో సిమ్ ట్రే ఉండదు, కాబట్టి ఇండియా సిమ్‌ను ముందే ఈసిమ్‌గా మార్పించుకోండి, లేదా ట్రే ఉన్న పాత ఫోన్‌లో ఉంచండి. డేటా రోమింగ్ ఆఫ్‌లో పెట్టండి. టవర్ లేని చోట, స్టార్‌లింక్ మాత్రమే ఉంటే, ఆ ఓటీపీ రాదు. ఆ సిమ్‌కు విదేశంలో వైఫై కాలింగ్ పనిచేస్తేనే వస్తుంది. కట్టాల్సినవేమైనా ఉంటే ఊరు దగ్గరలో ఉన్నప్పుడే కట్టేయండి. ఇక్కడి బ్యాంకులకు గూగుల్ వాయిస్ నంబరు ఇవ్వొద్దు, చాలా బ్యాంకుల షార్ట్ కోడ్ మెసేజ్‌లు (ఐదారు అంకెల పొట్టి నంబర్ల నుంచి వచ్చేవి) దానికి చేరవు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇద్దరిలో ఎవరైనా హెచ్‌1బీ మీద ఉంటే బండి కదలకముందే అటార్నీతో మాట్లాడండి. 2015 నాటి సిమియో అనే ఇమ్మిగ్రేషన్ తీర్పు తర్వాత, పని చేసే చోటు ఎల్‌సీఏలో (హెచ్‌1బీ కోసం కంపెనీ కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తు) ఉన్న మెట్రో ప్రాంతం దాటితే సాధారణంగా సవరించిన పిటిషన్ వేయాలి, తాత్కాలిక పనికి మాత్రం కొద్ది రోజుల మినహాయింపు ఉంది. అడ్రసు మారిన 10 రోజుల్లోపు ఏఆర్-11 (అడ్రసు మార్పు ఫారం) వేయడం మామూలే. గ్రీన్ కార్డు ఉంటే ఎల్‌సీఏ బెడద లేదు గానీ, ఏ రాష్ట్రంలో ఎన్నాళ్లు పనిచేశారన్నది పన్నులకు కావాలి. కంపెనీ హెచ్‌ఆర్‌కు తెలియకుండా తిరగొద్దు.

సైట్ బుక్ చేసే ముందు ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్‌లో మీ రెండు నెట్‌వర్క్‌లూ చూడండి. క్యాంపెండియం అనే వెబ్‌సైట్‌లో అక్కడ దిగినవాళ్లు రాసిన సిగ్నల్ రిపోర్టులు చదవండి, తర్వాత గూగుల్ మ్యాప్ శాటిలైట్ వ్యూలో సైట్ మీద చెట్లున్నాయేమో చూడండి. రెండు దారుల్లో ఒక్కటే ఉన్న సైట్‌కు శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం వచ్చేయొచ్చు. సోమవారం మీటింగ్ ఉంటే రెండూ ఉన్న సైట్ తీసుకోండి. ఇంకో మాట, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసే ముందే ఒక వారం బండిని దగ్గరలోని పార్కులో పెట్టి ఇద్దరూ అక్కడి నుంచే పనిచేసి చూడండి. ఏ కేబుల్ చాలలేదో, ఏ ప్లాన్ తేలిపోయిందో ఇంటి ఇంటర్నెట్ ఇంకా ఉండగానే తెలుస్తుంది.